హెక్సేన్ ఎటు పోతోంది? పాత తవుడు నూనె ప్లాంట్లపై పాఠకుల ప్రశ్నలు

తణుకు నుంచి కోనసీమ దాకా ఉన్న సాల్వెంట్ ప్లాంట్లలో, అంటే హెక్సేన్ అనే ద్రావకంతో తవుడులోంచి నూనె తీసే ప్లాంట్లలో, పనిచేసేవాళ్ళ నుంచీ, వాటికి తవుడు పోసే రైసు మిల్లర్ల నుంచీ వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. దాదాపు అందరూ అడిగింది ఒకటే: ఉన్న పాత ప్లాంటుతోనే ఎక్కువ తవుడు ఆడేదెలా, ఖర్చు తగ్గించేదెలా?

ప్రశ్న: మాది రోజుకు 60 టన్నుల తవుడు ఆడే కంటిన్యువస్ ప్లాంటు. పెట్టి ముప్పై ఏళ్ళు దాటింది. 100 టన్నులకు పెంచాలని ఉంది. ఎక్స్‌ట్రాక్టర్ (తవుడు మీద హెక్సేన్ పోసి నూనె లాగే యంత్రం) మార్చక తప్పదని యంత్రాలు అమ్మేవాళ్ళు అంటున్నారు. నిజమేనా?
— ప్లాంటు యజమాని, తాడేపల్లిగూడెం

జవాబు: ఎక్స్‌ట్రాక్టర్ జోలికి ఆఖరున వెళ్ళండి. ముందు ఇరుకు ఎక్కడుందో తేల్చుకోవాలి. షిఫ్టుకు రెండేసి టన్నుల చొప్పున తవుడు పెంచుతూ మూడు చోట్ల గమనించండి. ఎక్స్‌ట్రాక్టర్ అద్దంలోంచి చూస్తే మిసెల్లా (నూనె కలిసిన హెక్సేన్) పెల్లెట్ల (తవుడును అదిమి చేసిన గుళికల) మీద మడుగు కడుతోందా? డీటీ (నూనె తీసిన తవుడులోంచి ఆవిరితో హెక్సేన్‌ను వదిలించే డీసాల్వెంటైజర్-టోస్టర్) మోటారు ఆంప్స్ ఎక్కుతున్నాయా? కండెన్సర్ల (హెక్సేన్ ఆవిరిని చల్లార్చి ద్రవంగా మార్చే యంత్రాల) తర్వాత వెంట్ గొట్టం (మిగిలిన గాలి బయటికి పోయే దారి) వేడెక్కుతోందా? ఏది ముందు మొరాయిస్తే మీ ప్లాంటు గొంతు అక్కడుంది.

పాత ప్లాంట్లలో ముందు కనిపించేది మడుగే. దానికి కారణం ఎక్స్‌ట్రాక్టర్ చిన్నదవడం కాదు, పెల్లెట్లు పొడి కావడం. పెల్లెట్ మిల్లు డై (తవుడును గుళికలుగా నొక్కే రంధ్రాల అచ్చు) అరిగి 6 మిల్లీమీటర్ల రంధ్రం 7 దాటితే పెల్లెట్ మెత్తగా వస్తుంది, కన్వేయర్లలో దొర్లేసరికి పిండి అవుతుంది. ఆ పిండి కిందికి దిగి జల్లెడను మూసేస్తుంది. పెల్లెట్‌ను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి విరవండి. టక్కున విరగాలి, నలగకూడదు. ఎక్స్‌ట్రాక్టర్‌లోకి పోయే ముందు 20 మెష్ జల్లెడ పట్టి చూడండి. కిందికి రాలే పొడి 5 శాతం లోపుండాలి. దాటితే ఆ రోజు ఇంకేమీ పెంచకండి.

పెల్లెట్ గట్టిపడాలంటే తవుడుకు ఆవిరి పట్టించి 75–85 డిగ్రీలకు తేవాలి. అయితే ఆ వేడి, ఆ తడి అలాగే ఎక్స్‌ట్రాక్టర్‌లోకి పోకూడదు. తడి తవుడులోకి హెక్సేన్ చొరబడదు, బెడ్ బురదలా అతుక్కుంటుంది. పెల్లెట్ 60 డిగ్రీలు దాటి లోపలికి వెళ్తే హెక్సేన్ అక్కడే మరుగుతుంది. పాత ప్లాంట్లలో కూలర్ ఫ్యాన్ బెల్టు తెగితే ‘రేపు చూద్దాంలే’ అని వదిలేస్తుంటారు. మిసెల్లా మడుగుకు మొదలు చాలాసార్లు ఆ బెల్టే. డబ్బు పెట్టగలిగితే పెల్లెట్ మిల్లు స్థానంలో ఎక్స్‌పాండర్ (ఆవిరి, ఒత్తిడితో తవుడును ఉబ్బించే యంత్రం) పెట్టండి. దాంట్లోంచి వచ్చే ముక్కలు గుల్లగా ఉంటాయి కాబట్టి హెక్సేన్ తేలిగ్గా దిగుతుంది, తేలిగ్గా కారిపోతుంది.

ఇప్పుడు అసలు లెక్క చూడండి. తవుడులో నూనె 16 శాతం అనుకుంటే 60 టన్నులకు 9.6 టన్నుల నూనె. మీ మిసెల్లాలో నూనె 12 శాతమే ఉంటే ఆ నూనెతో పాటు 70 టన్నుల హెక్సేన్‌ను మరిగించాలి. అదే పెల్లెట్లు బాగుపడి, తాజా హెక్సేన్ తగ్గించి మిసెల్లాను 20 శాతానికి తెస్తే, 100 టన్నుల తవుడుకూ మరిగించాల్సింది 64 టన్నులే. అంటే మీ ఇప్పటి డిస్టిలేషన్ విభాగమే 100 టన్నులను మోయగలదు.

మోయలేనిది డీటీ. ఎక్స్‌ట్రాక్టర్‌లోంచి వచ్చే తవుడు బరువులో 30 శాతం దాకా హెక్సేన్ ఉంటుంది. 60 టన్నులప్పుడు అది దాదాపు 22 టన్నులు, 100 టన్నులప్పుడు 36. మిసెల్లా చిక్కబడినా ఇది తగ్గదు. కాబట్టి డీటీకి ఒకటి రెండు ట్రేలు, దాని ఆవిరిని చల్లార్చే కండెన్సర్, ఆ కండెన్సర్‌కు నీళ్ళు, ఈ మూడిటికీ ముందు డబ్బు కేటాయించండి. 1 టన్ను హెక్సేన్ ఆవిరిని ద్రవంగా మార్చి చల్లబరచాలంటే, నీరు 6 డిగ్రీలు వేడెక్కుతుందన్న లెక్కన, సుమారు 16 ఘనపు మీటర్ల నీరు తిరగాలి. అదనపు 14 టన్నులకు గంటకు 9–10 ఘనపు మీటర్లు ఎక్కువ కావాలన్నమాట. కూలింగ్ టవర్ దాన్ని తట్టుకుంటుందో లేదో ఇప్పుడే చూసుకోండి.

ఎక్స్‌ట్రాక్టర్ వేగం పెంచాక డీఓబీలో (నూనె తీసేసిన తవుడులో) మిగిలే నూనె 1 శాతం దాటకూడదు. దాటితే వేగం తగ్గించి, 80–85 టన్నుల దగ్గర ఆగండి. 100 టన్నుల తవుడుకు దాదాపు 84 టన్నుల డీఓబీ వస్తుంది. అందులో ఒక శాతం నూనె ఎక్కువ పోయినా రోజుకు 800 కిలోల పైచిలుకు నూనె మేతతో పాటు కొల్లేటి చేపల చెరువుల పాలే.

ప్రశ్న: టన్ను తవుడుకు 6 లీటర్ల హెక్సేన్ ఖర్చవుతోంది. లీకులు ఆపే గ్లాండ్లు, గాస్కెట్లు అన్నీ మార్చాం. కారేది ఎక్కడా కనపడదు. ఎటు పోతోంది?
— షిఫ్ట్ ఇన్‌ఛార్జి, పెనుగొండ

జవాబు: కారే హెక్సేన్ కంటికి కనపడుతుంది, ఎవరో ఒకరు పట్టుకుంటారు. మీది కనపడకుండా పోతోంది. దానికి మూడు దారులున్నాయి: వెంట్, డీఓబీ, వ్యర్థజలం. వెంట్‌తో మొదలుపెట్టండి, ఎక్కువ పోయేది అక్కడే.

చల్లబడిన గాలి వెంట్ గొట్టంలోంచి బయటికి పోయేటప్పుడు ఒట్టి చేతులతో పోదు. 40 డిగ్రీల దగ్గర ప్రతి ఘనపు మీటరు గాలీ సుమారు 1.9 కిలోల హెక్సేన్‌ను మోసుకుపోతుంది. 30 డిగ్రీల దగ్గర 1.1 కిలోలు, 15 డిగ్రీల దగ్గర అర కిలో. మీ ప్లాంటు 60 టన్నులది అనుకుందాం. గంటకు 5 ఘనపు మీటర్ల గాలి 40 డిగ్రీల వద్ద పోతే చాలు, రోజుకు 350 లీటర్ల హెక్సేన్ ఆవిరై పోయినట్టే. టన్నుకు 6 లీటర్లు అక్కడే తేలిపోయింది.

అంత గాలి లోపలికి ఎలా వస్తోంది? కొంత తవుడుతోనే వస్తుంది. గంటకు 2.5 టన్నుల పెల్లెట్లు అంటే సుమారు 4 ఘనపు మీటర్ల రాశి, అందులో సగం గాలే. ఈ 2 ఘనపు మీటర్లు తప్పవు. పెల్లెట్ కట్టని పొడి తవుడైతే రాశి రెట్టింపవుతుంది, దాంతో గాలీ పెరుగుతుంది. మిగతాది తప్పించుకోదగ్గ గాలి. ఎక్స్‌ట్రాక్టర్ పైన హాపర్‌లో ఎప్పుడూ మనిషెత్తు తవుడు నిలవుంటేనే అది బిరడాలా పనిచేస్తుంది. హాపర్ ఖాళీ అయ్యేదాకా లాగించే షిఫ్టులో హెక్సేన్ ఖర్చు లేస్తుంది. లెవెల్ స్విచ్ పెట్టి, మట్టం తగ్గగానే ఫీడ్ స్క్రూ ఆగేలా కట్టండి. చవకైన పని, ఫలితం వెంటనే కనపడుతుంది. తర్వాత డీటీ అడుగున రోటరీ వాల్వు రెక్కల సందు చూడండి. వాక్యూమ్‌లో నడిచే పంపుల గ్లాండ్లు బయటికి కారవు, గాలిని లోపలికి పీలుస్తాయి. అందుకే పొడిగా కనపడి మోసం చేస్తాయి. ఎవాపరేటర్‌ను (మిసెల్లాను మరిగించే పాత్రను) మూసి, ఎజెక్టర్‌తో (ఆవిరి ధారతో గాలిని లాగే పరికరంతో) వాక్యూమ్ పట్టి, స్టీమ్ ఆపి గేజ్ చూడండి. అరగంటలో ముల్లు ఎంత పడిందో రాసిపెట్టుకుని, ఒక్కో ఫ్లేంజ్ (గొట్టాల అతుకు) బిగిస్తూ మళ్ళీ చూడాలి.

వెంట్‌కు మినరల్ ఆయిల్ అబ్జార్బర్ (బయటికి పోయే గాలిలోని హెక్సేన్‌ను మినరల్ నూనెతో పట్టే యంత్రం) ఉందా? ఉంటే ఆ నూనె ఎంత చల్లగా లోపలికి పోతోందో చూడండి. అబ్జార్బర్‌లోకి పోయే నూనె 30 డిగ్రీల చుట్టుపక్కల, ఆ నూనెలోంచి హెక్సేన్‌ను విడిపించే స్ట్రిప్పర్‌లోకి పోయే నూనె 110–120 డిగ్రీల మధ్య ఉండాలి. పాత ప్లాంట్లలో మధ్యనున్న నూనె కూలర్ పాచి పట్టి, 45 డిగ్రీల నూనె పైకి పోతుంటుంది. వేడి నూనె హెక్సేన్‌ను పట్టుకోదు. నూనెలో నీరు చేరితే స్ట్రిప్పర్‌లో నురగ కడుతుంది. నల్లబడి జిగురైన నూనెను మార్చేయండి. అబ్జార్బర్ లేకపోతే పాత ప్లాంటుకు మేం మొదట పెట్టమనే యంత్రం ఇదే.

రెండోది డీఓబీ. అందులో 1000 పీపీఎం హెక్సేన్ మిగిలిందంటే టన్ను తవుడుకు లీటరుంబావు పోయినట్టు. డీటీ అడుగు ట్రేలో తవుడు 100–105 డిగ్రీలుండాలి. 90లో ఉంటే హెక్సేన్ మిగిలే ఉంటుంది. అలాంటి డీఓబీ గోడౌన్‌లో నిప్పుకు సిద్ధంగా ఉన్న సరుకు.

మూడోది కనిపెట్టడానికి సెపరేటర్ (హెక్సేన్‌నూ నీటినీ వేరుచేసే ట్యాంకు) గాజు గొట్టం దగ్గర నిలబడండి. పైన తేట హెక్సేన్, కింద నీళ్ళు, మధ్యన గీత గీసినట్టు ఉండాలి. ఆ గీత చోట నాలుగు వేళ్ళ మందాన బూడిద రంగు చిక్కటి పొర కనపడిందా? అది తవుడు ధూళి. డీటీ ఆవిరితో పాటు ఎగిరిన ధూళిని కడగాల్సిన స్క్రబ్బర్ నాజిల్ మూసుకుపోతే అది కండెన్సర్ గొట్టాలకు అంటుకుని, మిగతాది సెపరేటర్లో నీటికీ హెక్సేన్‌కూ మధ్య ముద్ద కడుతుంది. ఆ ముద్దతో హెక్సేన్ నీళ్ళలోకి జారిపోతుంది. నిజానికి శుద్ధమైన హెక్సేన్ నీటిలో దాదాపు కరగదు. పోయేదంతా ఈ పొర వల్లనే. నాజిల్ విప్పి కడగండి, స్క్రబ్బర్‌కు వేడి నీరే ఇవ్వండి. చల్లని నీరిస్తే హెక్సేన్ అక్కడే ద్రవమవుతుంది. వ్యర్థజలాన్ని బయటికి వదిలే ముందు రీబాయిలర్‌లో 90 డిగ్రీలు దాటించాలి. హెక్సేన్, నీరు కలిసి 62 డిగ్రీల లోపే మరుగుతాయి కాబట్టి 90 దాటిన నీటిలో హెక్సేన్ నిలవదు. ఆ థర్మామీటర్ పగిలి ఏళ్ళయిన ప్లాంట్లున్నాయి. ముందు దాన్ని మార్చండి.

ప్రశ్న: ఎండాకాలం వస్తే మా కండెన్సర్లు చేతులెత్తేస్తాయి. కొత్తవి కొనాలా?
— మెయింటెనెన్స్ ఫిట్టర్, భీమవరం

జవాబు: మీ దగ్గర సమస్య నీళ్ళది. వేసవిలో కాలువలు కట్టేస్తే బోరు నీటికి మారతారు. సముద్రం వైపు ఆ నీరు ఉప్పన, పైపెచ్చు సున్నం ఎక్కువ. గొట్టాలకు పొర కడుతుంది. వరదల రోజుల్లో ఎర్ర నీటితో ఒండ్రు వస్తుంది. రెండూ కలిస్తే గొట్టంలో గోడకు వేసిన సిమెంటులా గట్టిపడుతుంది.

టవర్ నీటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు, పీపీఎంలో) రోజూ కొలవండి. పోసే నీటిది 600 ఉంటే టవర్లో 1800 దాటనివ్వకుండా కొంత నీటిని బయటికి (బ్లోడౌన్) వదలండి. తిరిగే నీటిలో నాలుగైదు శాతాన్ని ఇసుక ఫిల్టర్ గుండా పంపితే ఒండ్రు అక్కడే ఆగుతుంది. పొర తీయడానికి సల్ఫామిక్ ఆమ్లం 5–10 శాతం ద్రావణాన్ని 50 డిగ్రీలు దాటకుండా తిప్పండి. బుడగలు ఆగాక సోడా యాష్ నీటితో కడగాలి. స్టెయిన్‌లెస్ గొట్టాల్లో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోయకండి, చిల్లులు పడతాయి. ఉప్పు నీరు తప్పదనుకుంటే, ఈసారి గొట్టాలు మార్చేటప్పుడు 304 స్టెయిన్‌లెస్ వద్దు, 90/10 క్యుప్రోనికెల్ వేయించండి.

ఇంకో మాట. డెల్టాలో గాలి తేమ ఎక్కువ. వేసవిలో వెట్ బల్బ్ (తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపే ఉష్ణోగ్రత) 27–28 డిగ్రీల్లో ఉంటుంది కాబట్టి ఎంత మంచి టవరైనా 31–32 కంటే చల్లని నీరివ్వలేదు. కొత్త కండెన్సర్ కొటేషన్‌లో నీరు 25 డిగ్రీలని రాసుంటే సంతకం పెట్టకండి. 32 డిగ్రీలకు లెక్క కట్టించండి.

ప్రశ్న: మేం పోసే తవుడుకు ఎఫ్.ఎఫ్.ఏ. (నూనె చెడి విడిపోయిన కొవ్వు ఆమ్లాలు) ఎక్కువ అని ధర కోస్తున్నారు. మిల్లులో దిగేటప్పుడు బాగానే ఉంటుంది కదా?
— రైసు మిల్లర్, మండపేట

జవాబు: దిగేటప్పుడు బాగానే ఉంటుంది, నిజమే. బియ్యం పాలిష్ పట్టగానే తవుడులోని లైపేజ్ అనే ఎంజైము నూనెతో కలుస్తుంది. పచ్చి బియ్యం తవుడులో రోజుకు ఐదారు శాతం చొప్పున ఎఫ్.ఎఫ్.ఏ. పెరుగుతుంది. మూడు రోజులు బస్తాల్లో మగ్గిందంటే ఆ నూనె వంటకు శుద్ధి చేయాలంటే ఎంతో నష్టం, ఆ తర్వాత సబ్బుకే. మీరు కేరళకు పంపే ఉప్పుడు బియ్యం తవుడులో ఆవిరికి లైపేజ్ చచ్చిపోతుంది, అందుకే అది నిలుస్తుంది. అయితే తడిస్తే బూజు పట్టి, ఆ బూజు మళ్ళీ అదే పని చేస్తుంది. రెండు తవుళ్ళనూ ఎప్పుడూ కలపకండి.

ఉపాయం ఒకటే, తవుడును అదే రోజు 120–130 డిగ్రీల వేడికి గురిచేయడం. చిన్న ఎక్స్‌ట్రూడర్ స్టెబిలైజర్‌లో కొన్ని సెకన్లు చాలు. ఒక్క మిల్లుకు అంత పెట్టుబడి బరువైతే, నాలుగైదు మిల్లులు కలిసి పెట్టుకోవచ్చు. లేదా ప్లాంటువాళ్ళు రోజుకు రెండుసార్లు బండి పంపాలి. ప్లాంటువాళ్ళకు మా సలహా ఏమిటంటే, ఎఫ్.ఎఫ్.ఏ. మెట్లు కట్టి, తక్కువున్న తవుడుకు ధర పెంచి ఇవ్వండి. కోత మాత్రమే ఉండి పెంపు లేకపోతే ఏ మిల్లరూ స్టెబిలైజర్ పెట్టడు.

గేటు దగ్గర పరీక్ష ఎదురుగానే జరగాలి. హెక్సేన్‌తో నూనె తీసి, హెక్సేన్ పూర్తిగా ఆవిరయ్యాక తూకం వేసి, తటస్థం చేసిన ఆల్కహాల్‌లో కలిపి, ఫినాఫ్తలీన్ చుక్కలేసి, 0.1 నార్మల్ కాస్టిక్ సోడా ద్రావణంతో లేత గులాబీ రంగు వచ్చేదాకా టైట్రేట్ చేయాలి. పట్టిన మిల్లీలీటర్లను 2.82తో హెచ్చించి, నూనె గ్రాములతో భాగిస్తే శాతం వస్తుంది. ఈ లెక్క మీరూ నేర్చుకోండి, బేరం సులువవుతుంది.

ప్రశ్న: ఊక ఖర్చు తగ్గాలంటే కొత్త బాయిలర్ పెట్టాలా?
— అకౌంటెంట్, రామచంద్రపురం

జవాబు: ముందు ఉన్నదాని చుట్టూ తిరగండి. 7 కిలోల ఒత్తిడి లైనుకు 3 మిల్లీమీటర్ల చిల్లు ఉంటే గంటకు 25 కిలోల వరకు ఆవిరి పోతుంది. రోజుకు 600 కిలోలు, అంటే దాదాపు 200 కిలోల ఊక. తెరుచుకుపోయిన స్టీమ్ ట్రాప్ (ఆవిరిని ఆపి నీటిని మాత్రమే వదలాల్సిన వాల్వు) ఒక్కటీ ఇంతకంటే ఎక్కువే తినొచ్చు. ట్రాప్‌ల తర్వాతి వేడి నీరు కాలువలోకి పోతుంటే పైపు వేసి బాయిలర్ ట్యాంకుకు తెండి. ఫీడ్ నీరు 6 డిగ్రీలు పెరిగిన కొద్దీ ఇంధనం ఒక శాతం తగ్గుతుంది. 35 డిగ్రీల నీటిని 85కు తెస్తే 8 శాతం మిగిలినట్టే. అయితే మిసెల్లా ఎవాపరేటర్ల కండెన్సేట్‌ను (ఆవిరి చల్లారి అయిన నీటిని) నేరుగా కలపకండి. గొట్టం చిల్లుపడితే హెక్సేన్, నూనె బాయిలర్‌లోకి వస్తాయి. మధ్యలో గాలికి తెరిచిన ట్యాంకు, గ్యాస్ డిటెక్టర్ ఉండాలి.

డీటీ నుంచి వచ్చే ఆవిరితోనే మొదటి ఎవాపరేటర్‌ను వాక్యూమ్‌లో నడిపే ఎకనమైజర్ మీ ప్లాంటులో లేకపోతే, కొత్త బాయిలర్ కంటే ముందు అదే పెట్టించండి.

ప్రశ్న: ఈ మార్పులకు ప్లాంటు ఆపి వెల్డింగ్ చేయాలి. ఎన్ని రోజులు, ఏయే జాగ్రత్తలు?
— ప్లాంటు మేనేజర్, నిడదవోలు

జవాబు: సార్వా పంట చేతికొచ్చే ముందు, తవుడు రాక పలచబడే రోజుల్లో పెట్టుకోండి. రోజులు లెక్కపెట్టేటప్పుడు వెల్డింగ్‌కు ముందు పనికి కనీసం నాలుగు రోజులు విడిగా వేయండి. తొందరపడేది అక్కడే, మనుషులు పోయేదీ అక్కడే.

హెక్సేన్ ఆవిరి గాలి కంటే దాదాపు మూడు రెట్లు బరువు. గాలిలో 1.1 శాతం చేరితే అంటుకుంటుంది. మ్యాన్‌హోల్ దగ్గర మీటర్ సున్నా చూపినా, అడుగు గుంటలో, కేబుల్ ట్రెంచ్‌లో, కాలువలో నిలిచి ఉంటుంది. మీటర్ గొట్టం అడుగుదాకా దించి చూడాలి. వరుస ఇదీ: ఎక్స్‌ట్రాక్టర్, డీటీలో తవుడు ఒక్క గుప్పెడు మిగలకుండా తీయడం, హెక్సేన్‌ను ట్యాంకులకు పంపడం, ప్రతి పాత్రకూ ఒక రోజుకు తక్కువ కాకుండా స్టీమ్ పట్టడం, చల్లారాక లైన్లన్నిటికీ ఇనుప బ్లైండ్లు (గొట్టాన్ని మూసే పలకలు) వేయడం, ఆపైన ఫ్యాన్‌తో గాలి తోలడం. వాల్వు మూస్తే చాలదు, పాత వాల్వు ఏదీ పూర్తిగా మూసుకోదు. మూలల్లో ఇరుక్కున్న పెల్లెట్ హెక్సేన్‌ను పీల్చుకుని ఉంటుంది, వెల్డింగ్ వేడి తగలగానే వదులుతుంది. అందుకే వెల్డింగ్‌కు ముందొకసారి చూసి ఊరుకోకుండా, పని సాగుతున్నంతసేపూ మీటర్ పక్కన మోగేలా ఉండాలి. లోపలికి మనిషి దిగాలంటే ఆక్సిజన్ 19.5 శాతం తగ్గకూడదు, నడుముకు తాడు, బయట కదలకుండా ఒక మనిషి ఉండాలి. లోపల పడిపోయినవాణ్ణి చూసి పక్కవాడు దూకడం వల్లే ఇద్దరు ముగ్గురు పోతుంటారు. ఈ మాట పని మొదలుపెట్టే ముందు రోజూ చెప్పండి.

కొత్త మోటార్లు, లైట్లు, స్విచ్చులు గ్యాస్ గ్రూప్ ఐఐఏ, టీ3 ముద్ర (హెక్సేన్ ఆవిరి ఉన్నచోట వాడదగినవని తెలిపే గుర్తు) ఉన్నవే కొనండి. వేగం మార్చే డ్రైవ్‌లను ప్రమాదం లేని ప్యానెల్ గదిలో పెట్టండి. హెక్సేన్ పెట్రోలియం క్లాస్ ఏ కిందికి వస్తుంది కాబట్టి ట్యాంకుల అమరిక మారితే పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతి, ఉత్పత్తి పెరిగితే కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ముందే తీసుకోవాలి.

ఈ షట్‌డౌన్‌లోనే రెండు ఇంటర్‌లాక్‌లు కట్టించండి. కూలింగ్ నీటి ఒత్తిడి పడిపోతే డీటీకీ స్ట్రిప్పర్‌కూ పోయే స్టీమ్ దానంతట అదే మూసుకోవాలి. వెంట్ ఉష్ణోగ్రత 40 దాటితే ఫీడ్ ఆగాలి. కరెంటు పోయినప్పుడు పంపులు ఆగుతాయి, స్టీమ్ మాత్రం ఆగదు. ఆ ఐదు నిమిషాల్లో వెంట్ నుంచి హెక్సేన్ మబ్బు దిగుతుంది. కనీసం ఒక కూలింగ్ పంపును జనరేటర్ మీద ఉంచండి.

తిరిగి నడిపే ముందు సబ్బు నీటితో ప్రతి ఫ్లేంజ్, మ్యాన్‌హోల్ పరీక్షించండి. లోపల గాలి ఒత్తిడి నీటిమట్టంలో 200 మిల్లీమీటర్లు దాటనివ్వకండి, ఎక్స్‌ట్రాక్టర్ పలక అంతకంటే ఓర్వదు. బ్లైండ్లు ఎన్ని వేశారో అన్నీ తీసి, నంబర్ల వారీగా బల్ల మీద పరిచి లెక్క చూసుకున్నాకే హెక్సేన్ వాల్వు తెరవండి.